నాలుగువందల ఎనభై ఒకటో వరుస

మా బావకు కంప్యూటరంటే ప్రాణం అని మిల్లులో అందరూ అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ప్రాణమన్నాక ఒకసారే పోవాలి కదా! డిజైను గదిలో ఉన్న ఆ పెట్టె రోజుకు నాలుగుసార్లు పోయేది, ఆయన దాన్ని బుజ్జగించి నాలుగుసార్లు వెనక్కి తెచ్చుకునేవాడు.

మాది గుడ్డ నేసే మిల్లు. కుర్చీలకు, సోఫాలకు, కర్టెన్లకు వాడే దళసరి గుడ్డ. మగ్గాలన్నీ కింద, డిజైను గది పైన. ఆ గదిలో ఉండేది ఒక్కడే మనిషి, మా అక్క మొగుడు. గుడ్డ మీద ఆకు రావాలన్నా, గీత రావాలన్నా ముందు ఆయన కంప్యూటర్లో గళ్ళు నింపాలి. ఒక నిలువు వరుస అంటే ఒక పడుగు పోగు. ఒక అడ్డ వరుస అంటే ఒక పేక పోగు. గడి నింపితే అక్కడ పడుగు పైకి లేస్తుంది, ఖాళీగా వదిలేస్తే కిందే పడి ఉంటుంది. ఆ పనిలో ఆయనకు ఇరవై రెండేళ్ళ అనుభవం. ఆయన గీసింది గుడ్డయి వచ్చాక అందులో తప్పులు పట్టడం నా ఉద్యోగం, నాకు పద్నాలుగేళ్ళ అనుభవం. కింద లైటు బల్ల దగ్గర నిలబడి, గుడ్డ తానులు ఒకదాని తర్వాత ఒకటి బల్ల మీదుగా లాగుతూ చూస్తాను. తప్పు కనబడిన చోట అంచుకు ఎర్రదారం ముడి వేస్తాను, కార్డు మీద కారణం రాస్తాను. బామ్మర్ది బావ తప్పులు వెతకడం అందరి ఇళ్ళలోనూ ఉన్నదే, నాకైతే దానికి జీతం కూడా ఇస్తారు.

ఆ కంప్యూటరు సంగతి చెప్పాలి. దాన్ని ఆన్ చేసే మీట ఎప్పుడో లోపలికి కూరుకుపోయింది, పెన్ను మూతతో పొడిస్తే గాని లేవదు. తెర ఎడమ సగం నీలంగా తిరిగిపోయింది, అందుకని ఏ రంగు చూడాలన్నా బొమ్మను కుడి వైపుకు లాక్కుని చూసేవాడు. లోపలి ఫ్యాను రొద మొదలుపెడితే పక్కన రెండు దెబ్బలు వెయ్యాలి. మూడు వేస్తే మొత్తం ఆగిపోతుంది. ఇది పెట్టె కథ. అందులో ఉన్న ప్రోగ్రాం కథ ఇంకో రకం. చేసిన పని ఒకసారి వెనక్కి తీసుకోనిస్తుంది, రెండోసారి తీసుకోబోతే తనే మూసుకుపోతుంది. పదిహేడో నంబరు రంగు ఎంచుకుంటే, అది ఏ రంగైనా సరే, నల్లగా పడుతుంది. ఇవన్నీ ఒక ఎత్తు, సేవ్ చేసినప్పుడల్లా బొమ్మలోని చివరి నిలువు వరుసను మింగెయ్యడం ఒక ఎత్తు.

అది మొదటిసారి జరిగినప్పుడు బావకు పిచ్చెక్కినంత పనయిందట. గులాబీ రేకుకు అంచు లేకుండా గుడ్డ నేసి వచ్చింది. మూడు రోజులు తల బద్దలు కొట్టుకుని అసలు విషయం కనిపెట్టాడు. అప్పటినుంచి బొమ్మంతా అయిపోయాక కుడి చివర ఒక ఖాళీ వరుస అదనంగా వేసి, అప్పుడు సేవ్ కొట్టేవాడు. ప్రోగ్రాం ఆ ఖాళీ వరుసను మింగి ఊరుకునేది, అసలు వరుస మిగిలేది.

"దాని ముద్ద దానికి పెట్టేస్తే మన జోలికి రాదురా" అనేవాడు.

"ముద్ద పెట్టి పెంచుకోడానికి అదేమైనా పెంపుడు జంతువా బావా? అవతల పారేసి ఇంకో ప్రోగ్రాం కొనమని మేనేజర్ని అడగొచ్చుగా" అన్నాను ఒకసారి.

"దీని తప్పులన్నీ నాకు తెలుసు. కొత్తదాని తప్పులు మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకోవాలి. ఈ వయసులో నావల్ల కాదు."

మానెయ్యడు, తిట్టడు. ఉత్తరం రాస్తాడు. ప్రతి లోపానికీ ఒక ఉత్తరం, ఆ ప్రోగ్రాం తయారుచేసిన కంపెనీకి. మొదట ఏం నొక్కాను, తర్వాత ఏం నొక్కాను, ఏం జరగాలి, ఏం జరిగింది, ఎన్నిసార్లు చేసి చూశాను. అంతా వరుసగా, ఎక్కడా ఒక్క కోపం మాట లేకుండా రాసి, కింద 'మీ విధేయ వినియోగదారుడు' అని సంతకం. వాళ్ళు ప్రతిసారీ ఒకటే జవాబు పంపేవాళ్ళు: మీ సూచన మాకు ఎంతో విలువైనది. ఆ జవాబులు కూడా ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకునేవాడు మహానుభావుడు. ఏమాటకామాటే చెప్పాలి, ఆ ఫైలు చూస్తే నాకు జాలీ వేసేది, చిరాకూ వేసేది.

"పెళ్ళికి ముందు నాకు రాసినవి మూడంటే మూడు ఉత్తరాలు. దానికి మూడొందలు రాశాడు" అనేది మా అక్క.

చివరి వరుస గురించి రాసిన ఉత్తరానికి పదహారేళ్ళు నిండాయి. ఆ పదహారేళ్ళలో ఆ ప్రోగ్రాం తొమ్మిదిసార్లు కొత్త రూపంతో వచ్చింది. వచ్చినప్పుడల్లా రంగుల మీటలు కుడి నుంచి ఎడమకీ, ఎడమ నుంచి కుడికీ మారేవి. చివరి వరుస మాత్రం పోతూనే ఉండేది.

పదోసారి వచ్చింది. ఆ రోజు బావ మెట్లు దిగి నా బల్ల దగ్గరకొచ్చాడు. పని వేళల్లో ఆయన కిందికి రావడం నేనెప్పుడూ చూడలేదు. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని ఉన్నాడు, చేతిలో ఈసారి ఏమేం మార్చారో కంపెనీ రాసి పంపిన జాబితా.

"ముప్ఫై ఏడో నంబరు చదువు" అన్నాడు.

చదివాను. సేవ్ చేసినప్పుడు చివరి నిలువు వరుస పోవడం సరిచేశాం అని ఉంది.

"పదహారేళ్ళురా!" అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు. మగ్గాల దగ్గరవాళ్ళు తలలు తిప్పి చూస్తున్నారు. నాకు సిగ్గేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. మధ్యాహ్నం బిస్కెట్ పాకెట్లు కొనుక్కొచ్చి షెడ్డంతా పంచాడు. ఎందుకు పంచుతున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. ఇంకో పాప పుట్టిందేమో అనుకున్నారు కొందరు.

ఆ తర్వాత మూడు వారాలు ఆయన ఒకటే పని. పాత డిజైన్లన్నీ ఒక్కొక్కటే తెరిచి, ఏదైనా ఖాళీ వరుస మిగిలిందేమో చూసి, ఉంటే తీసేసి, జాబితాలో టిక్కు పెట్టుకోవడం. పద్నాలుగు వందల పైచిలుకు డిజైన్లు. ఒక్కటి కూడా వదల్లేదు. అంటే ఇక మీదట ఆ ఖాళీ వరుస వెయ్యకూడదని ఆ మిల్లులో అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆయనే.

సరిగ్గా అప్పుడే థియేటరు ఆర్డరు వచ్చింది. పెద్ద నాటక థియేటరు, తొమ్మిది వందల కుర్చీలకు కొత్త గుడ్డ. మేనేజరు మమ్మల్నిద్దర్నీ పిలిచాడు. ఆయన ఏ విషయమైనా ఒక్క మాటలో చెప్పమంటాడు, తను మాత్రం అరగంట చెబుతాడు. ఆ అరగంటలోంచి తేలింది ఇదీ: డిజైన్లు బయట కొనుక్కోవచ్చు, మనకు ప్రత్యేకంగా ఒక గది, ఒక మనిషి ఎందుకని యజమానులు అడుగుతున్నారు. ఈ థియేటరు గుడ్డ మచ్చ లేకుండా వెళ్తే గది ఉంటుంది. డిజైన్లో తేడా వస్తే గదికి తాళం, బావకు సెలవు.

"ఒక్క మాటలో చెప్పాలంటే, అంతా మీ చేతిలోనే ఉంది" అన్నాడు బావతో.

ఇంట్లో చెబితే మా అక్క మొహం పాలిపోయింది. బావకు యాభై ఒకటి. చుట్టుపక్కల ఏ మిల్లూ ఇప్పుడు సొంతంగా డిజైనరును పెట్టుకోవడం లేదు. "ఆ గళ్ళు తప్ప ఈయనకు గోడ గడియారంలో బ్యాటరీ మార్చడం కూడా రాదురా" అంది నాతో. నిజమే. ఆ ఇంట్లో బ్యాటరీలు నేనే మారుస్తాను.

బావ పదకొండు రోజులు కూర్చుని గీశాడు. ముదురాకుపచ్చ మీద ఇంకొంచెం ముదురాకుపచ్చ ఆకులు. దగ్గరికెళ్తే కనబడతాయి, దూరం నుంచి చూస్తే గుడ్డ కదులుతున్నట్టుంటుంది. అంత మంచి డిజైను ఆయన కూడా అంతకుముందు గియ్యలేదు. బొమ్మ వెడల్పు నాలుగువందల ఎనభై పోగులు, అంటే సుమారు ఒక కుర్చీ వీపంత. ఆ తర్వాత మళ్ళీ మొదటినుంచి అదే బొమ్మ. ముందుగా జానెడు నమూనా ముక్క నేసి థియేటరు వాళ్ళకు చూపించారు. రంగు చూసి వాళ్ళు మురిసిపోయారు. మగ్గాలు ఆరు రోజులు ఆగకుండా నడిచాయి.

ఏడో రోజు మొదటి తాను నా బల్ల మీదికొచ్చింది. రెండు బారలు లాగేసరికి గీత కనబడింది. వెంట్రుకంత సన్నగా, తాను పొడవునా నిలువుగా. మగ్గంలో ఏదో పోగు తెగిందనుకున్నాను. కుర్చీ వీపంత దూరం పక్కకు జరిగితే ఇంకో గీత. ఆ పక్కన ఇంకోటి. రెండో తాను తెప్పించాను, అదే. ఐదో తాను, అదే. సూది పట్టుకుని గీతకూ గీతకూ మధ్య పోగులు లెక్కపెట్టాను. నాలుగువందల ఎనభై. ఆ పక్కన ఒక పోగు ఎక్కడా పైకి లేవకుండా చచ్చినట్టు కింద పడి ఉంది.

ఒక ముక్క కత్తిరించుకుని మెట్లెక్కాను.

బావ ముక్కను భూతద్దం కింద పెట్టి చూశాడు. కంప్యూటర్లో ఆ డిజైను ఫైలు తెరిచాడు. తెర కింది మూల వెడల్పు అంకె ఉంటుంది. నాలుగువందల ఎనభై ఒకటి.

"ప్రోగ్రాం మళ్ళీ ఏదో చేసిందా?" అన్నాను ఆశగా.

"లేదురా. నేనే వేశాను." కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆఖరి రోజు. బొమ్మ అయిపోయింది. సంతోషంలో ఉన్నాను. సేవ్ కొట్టేముందు చెయ్యి వేసేసింది."

"తెలిసి తెలిసి ఎలా వేశావు బావా? మూడు వారాలు కూర్చుని అవే కదా నువ్వు తీసేసింది! షెడ్డంతా బిస్కెట్లు పంచావు కదా!"

"పదహారేళ్ళు వేసిన చెయ్యి. దానికి చెప్పడం మర్చిపోయాను."

నోటికొచ్చినట్టు తిట్టాను. అంత పెద్ద అంకె తెర మీద ఉంటే చూసుకోవా, నమూనా ముక్క జానెడే ఎందుకు నేయించావు, ఒక కుర్చీ వెడల్పు నేయిస్తే అప్పుడే తెలిసేది కదా, అక్క మొహం ఎలా చూస్తావు? ఆయన అన్నిటికీ తలూపాడు. ఎదురు తిరిగినా బాగుండేది. నేను తిట్టేవన్నీ ఒకదాని కింద ఒకటి రాసుకుంటున్నట్టు విన్నాడు.

కార్డు నా జేబులోనే ఉంది. కారణాలకు నాలుగు గళ్ళుంటాయి: నూలు లోపం, మగ్గం లోపం, సాఫ్ట్‌వేర్ లోపం, డిజైను లోపం. మెట్లు దిగుతుంటే నాకు తోచింది. ఈ ప్రోగ్రాం చివరి వరుసతో ఆటలాడుతుందని మిల్లంతటికీ తెలుసు. సాక్ష్యం కావాలంటే మూడొందల ఉత్తరాల ఫైలుంది. సాఫ్ట్‌వేర్ లోపం అని టిక్కు పెడితే కాదనేవాడెవడు?

మెట్ల మధ్యలోంచే అక్కకు ఫోను చేసి చెప్పాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పెట్టరా. నీకు దణ్ణం పెడతాను, అక్కడే పెట్టు" అంది.

టిక్కు పెట్టి సంతకం చేశాను. పద్నాలుగేళ్ళలో నేను తప్పని తెలిసి రాసిన మొదటి కార్డు. బావకు చూపిస్తే, "అలా రాయకురా" అన్నాడు.

"నా కార్డు, నా ఇష్టం. నువ్వు నోరు మూసుకుని కూర్చుంటే చాలు. నువ్వు ఏ అబద్ధమూ ఆడక్కర్లేదు."

మేనేజరు కార్డు చూశాడు, బల్ల గుద్దాడు. "ఈ దరిద్రపు ప్రోగ్రాం గురించి ఈయన ఎన్నేళ్ళ నుంచో మొత్తుకుంటూనే ఉన్నాడు, మనమే వినిపించుకోలేదు" అన్నాడు. ఆయన నోట బావ గురించి మంచి మాట వినడం అదే మొదలు. థియేటరు వాళ్ళను బతిమాలి ఒక నెల గడువు తెచ్చుకున్నాడు. కంపెనీకి కోపంగా ఫిర్యాదు పంపాడు. వాళ్ళు మనిషిని పంపిస్తామన్నారు, రావడానికి పది రోజులు పడుతుందన్నారు.

ఆ పది రోజులు బావ డిజైను మళ్ళీ సరిచేసి, చేతిని దారికి తెచ్చుకునే పనిలో పడ్డాడు. నేను కాఫీ తీసుకుని పైకి వెళ్ళినప్పుడల్లా చూసేవాణ్ణి. చిన్న చిన్న బొమ్మలు గీస్తాడు. చివరి వరుస దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగుతుంది. మౌసు మీద వేలు లేచి ఉంటుంది. కింది అంకె చూసుకుంటాడు. అప్పుడు వేలు నేరుగా సేవ్ మీదికి వెళ్తుంది. మొదటి రెండు రోజులు ఒకటి రెండుసార్లు తప్పాడు. ఆ తర్వాత ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ ఆగడం నాకు కంఠతా వచ్చేసింది. హమ్మయ్య అనుకున్నాను.

కంపెనీ మనిషి వచ్చింది. మనిషంటే పాతికేళ్ళ అమ్మాయి, ఇంజనీరు. భుజానికి బరువైన సంచి, జుట్టంతా రేగిపోయి ఉంది. పొద్దున్నే మూడు బస్సులు మారి వచ్చిందట. డిజైను గదిలో మేనేజరు, బావ, నేను ఉన్నాం. మేనేజరుకు నమస్కారం పెట్టి, తిరిగి బావ వైపు చూసింది.

"ఉత్తరాలు రాసే సార్ మీరేనాండీ?"

బావ తలూపాడు.

"మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు ముందు మీ ఉత్తరాలే ఇస్తారు సార్. లోపం గురించి చెప్పాలంటే ఎలా చెప్పాలో చదివి నేర్చుకోమంటారు. ఏదైనా ఒకటి తీసుకుని బాగుచెయ్యమంటే నేను అన్నిటికంటే పాతది తీసుకున్నాను. చివరి వరుసది. నాలుగు నెలలు పట్టింది. మీరు అంత వివరంగా రాయబట్టి దొరికింది గాని, లేకపోతే నా తరం కాదు."

పదహారేళ్ళుగా తను రాసింది ఎవరైనా చదువుతున్నారని బావకు ఆ రోజే తెలిసింది. ఇంత సంతోషకరమైన సంగతి ఇంత దిక్కుమాలిన రోజున తెలియాలా అని నాకు ఏడుపొచ్చినంత పనయింది.

ఆ అమ్మాయి కూర్చుని మొదలుపెట్టింది. బొమ్మ గియ్యడం, సేవ్ చెయ్యడం, తెరవడం, అంకె రాసుకోవడం. ఎన్ని గీస్తే అన్నే వచ్చాయి. పెద్ద బొమ్మ, చిన్న బొమ్మ, రంగులున్నది, లేనిది. ఎక్కడా ఒక్క వరుస పోలేదు, ఒక్క వరుస పెరగలేదు. పదిహేడుసార్లు చేసింది. మధ్యలో ఫ్యాను రొద పెట్టింది. బావ లేచి రెండు దెబ్బలు వేసి కూర్చున్నాడు.

"ఒక్క మాటలో చెప్పమ్మా, లోపం ఉందా లేదా?" అన్నాడు మేనేజరు.

"నాకు దొరకలేదు సార్. అంటే లేదని కాదు. సార్ లాంటివాళ్ళ దగ్గర వచ్చిందంటే వచ్చినట్టే." కాగితం మీద ఏదో కొట్టేసింది. "నిజంగా ఉంటే నేను చేసిన మార్పు మొత్తం తీసేసి పాతదే మళ్ళీ పెడతామన్నారు మావాళ్ళు. నన్ను కూడా ఈ పనిలోంచి తప్పిస్తారు. అది సరే లెండి. ముందు ఎక్కడ పొరపాటు చేశానో నాకు తెలియాలి."

బావ ఆ అమ్మాయినే చూస్తున్నాడు. నేను బావ మొహం చూడలేక కిటికీ వైపు తిరిగాను.

"సార్, ఆ రోజు మీరు చివర్లో ఏమేం చేశారో, అచ్చం అలాగే ఒకసారి చేసి చూపిస్తారా? ఒక్కటి కూడా మార్చకుండా" అంది.

కుర్చీ ఖాళీ చేసింది. బావ కూర్చున్నాడు. ఆ అమ్మాయి పక్కన నిలబడి కాగితం, పెన్ను పట్టుకుంది. నేను మనసులో లెక్క వేసుకుంటున్నాను. పది రోజులుగా అలవాటైనట్టు చేస్తే నాలుగువందల ఎనభై వస్తుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే లోపం, ఇవాళ రాలేదు, అంతే. మేనేజరు నమ్ముతాడు, ఎందుకంటే నమ్మాలని ఉంది ఆయనకు. ఈ అమ్మాయి ఉట్టి చేతులతో వెళ్ళిపోతుంది. గది ఉంటుంది, బావ ఉంటాడు. ఆ పిల్ల మాటేమిటి అని నేను ఆలోచించలేదు. ఆలోచించానని చెప్పుకోను.

బావ ఆఖరి ఆకు చివర నింపాడు. ఒక్కొక్క గడి, ఒక్కొక్క గడి. నాలుగువందల ఎనభయ్యో వరుస అయిపోయింది.

చెయ్యి ఆగింది.

పది రోజులుగా చూస్తున్న ఆ ఆగడమే. వేలు లేచి ఉంది. కింది అంకె చూశాడు. హమ్మయ్య, ఇక సేవ్ మీదికి వెళ్తుంది అనుకున్నాను. వెళ్ళలేదు. తల తిప్పి ఆ అమ్మాయి కాగితం వైపు చూశాడు. అందులో పదిహేడు అంకెలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మళ్ళీ తెర వైపు తిరిగి, కుడి చివర ఒక ఖాళీ వరుస వేశాడు. సేవ్ కొట్టాడు.

"అదేంటి సార్? చివర్లో ఖాళీది ఒకటి వేశారు?"

"పదహారేళ్ళ అలవాటమ్మా. ముందు మీ ప్రోగ్రాం ఒకటి మింగేది కదా, దానికోసం వేసేవాణ్ణి. ఆ రోజూ వేశాను. నువ్వు చేసినదాంట్లో తప్పేమీ లేదు. చక్కగా చేశావు. తప్పు నాదే."

ఫైలు తెరిచి అంకె చూపించాడు. నాలుగువందల ఎనభై ఒకటి. ఆ అమ్మాయి పెన్ను మూత పెట్టుకుంది. బయటపడ్డానని సంతోషిస్తుందనుకున్నాను. "సార్..." అని ఆగిపోయింది. మేనేజరు మొహం చూశాక, తను రావడం వల్ల ఈయనకు ఏం ముంచుకొస్తోందో తెలిసినట్టుంది పాపం.

మేనేజరు నా వైపు తిరిగాడు. "మరి నీ కార్డు?"

"తప్పు రాశానండీ" అన్నాను.

"తెలిసా, తెలియకా?"

"తెలిసే."

ఆయన ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. యజమానులతో మాట్లాడుతున్నాడు, అద్దం తలుపులోంచి కనబడుతూనే ఉంది. ఇక్కడ గదిలో బావ ఏం చేస్తున్నాడో చెబితే మీరు నమ్మరు. పదిహేడో నంబరు రంగు నల్లగా ఎందుకు పడుతుందో ఆ అమ్మాయికి వివరిస్తున్నాడు. మొదట ఏది నొక్కాలో, తర్వాత ఏది నొక్కాలో. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ రాసుకుంటోంది. ఈయన్ని ఏం చెయ్యాలి చెప్పండి? నాకు కొట్టాలన్నంత కోపం వచ్చింది, కాళ్ళకు దణ్ణం పెట్టాలని కూడా అనిపించింది.

మేనేజరు లోపలికొచ్చి, మొదటిసారిగా ఒక్క మాటలోనే చెప్పాడు. నెలాఖరుకు గది మూసేస్తారు. నన్ను లైటు బల్ల నుంచి తీసి ప్యాకింగులో వేశారు. నాకు తగిన శాస్తే జరిగింది, దాని గురించి నాకు బాధ లేదు.

సాయంత్రం ఇద్దరం నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాం. అక్క గుమ్మంలోనే ఉంది. మా మొహాలు చూడగానే అర్థమైపోయింది. బావ ముందు గదిలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. అక్క నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

"ఏం జరిగింది?"

"కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది, లోపం ఉందని తేలితే ఆ అమ్మాయిని పనిలోంచి తప్పిస్తారట. ఆ రోజు చేసినట్టే చేసి చూపించమంది. చూపించాడు. ఖాళీ వరుస పడింది."

అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "నిజం చెప్పరా. చెయ్యి జారిందా, కావాలని వేశాడా? చెయ్యి జారితే జారింది, మన ఖర్మ. కావాలని వేశాడంటే మాత్రం, ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్ల కోసం మమ్మల్ని రోడ్డు మీద నిలబెట్టాడంటే, నేను ఈ జన్మలో ఆ మనిషిని క్షమించలేను."

"జారిందక్కా" అన్నాను. "పదహారేళ్ళ అలవాటు. ఆగలేదు. మేం చూసేలోపే పడిపోయింది."

"ఒట్టు?"

"ఒట్టు."

అక్క స్టవ్ దగ్గర నిలబడి కాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని కాఫీ కలిపింది. కప్పు తీసుకుని ముందు గదిలోకి వెళ్ళి బావ చేతికి ఇచ్చింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"పోన్లెండి, ఊరుకోండి" అంది ఆయన భుజం మీద చెయ్యి వేసి. "చెయ్యి మాట వినకపోతే మీరు మాత్రం ఏం చేస్తారు?"

బావ తలెత్తాడు. ముందు నన్ను చూశాడు. ఎప్పుడూ ఏదీ దాచుకోని మనిషి, ఏది ఎలా జరిగిందో వరుసగా చెప్పకపోతే నిద్రపట్టని మనిషి, నోరు తెరిచాడు. ఇక అంతా చెప్పేస్తాడనుకుని నేను కళ్ళు మూసుకున్నాను.

"అవునే" అన్నాడు. "ఆగలేదు."

నాకు తెలిసి మా బావ ఆడిన అబద్ధం అదొక్కటే.